శవానికి డబ్బింగ్ ఉండదు

మా అమ్మ వృత్తి చచ్చిపోవడం. ఎవరు అడిగినా నేను ఇలాగే చెబుతాను, గొంతు తగ్గించకుండా. పరాయి దేశాల సభల్లో, భోజనాల బల్ల దగ్గర, పక్కన కూర్చున్న పెద్దమనిషి మర్యాదకు "మీ ఇంట్లో అందరూ సైన్సువాళ్లేనా?" అని అడుగుతాడు. "కాదండీ, మా అమ్మ సినిమాల్లో శవం వేషం వేసేది" అంటాను. ఆయన చెంచా కింద పెడతాడు. ఆ తర్వాత మా మాటలు బాగా సాగుతాయి.

నిజంగానే వేసేది. హీరో నాయనమ్మ శవం, జమీందారు చంపించిన కూలీ తల్లి శవం, వరదలో కొట్టుకొచ్చిన ఎవరిదో శవం. ఫిల్మ్‌నగర్ కొండవాలు మీద మా సందులో ఇంటికొక జూనియర్ ఆర్టిస్టు ఉండేవాళ్లు. ముఖం మీద ఈగ వాలినా రెప్ప కదపకుండా పడుకునేది మాత్రం మా అమ్మే. ఏజెంటు సందు మొదట్లో నిలబడి "పెద్దమ్మా, రేపు చావున్నది, పొద్దుగాల్నే రావాలె" అని కేకేస్తే కొత్తగా కిరాయికి దిగినవాళ్లు హడలిపోయేవాళ్లు. గుంపులో నిలబడే వేషాలు అమ్మకు నచ్చేవి కావు. "గుంపులోనైతే ఎండలో నిలబడాల. సచ్చినోళ్లకైతే పక్కేసి పడుకోబెడతారు" అనేది.

మేము క్రైస్తవులం. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మకు సెట్లో పసుపు పూసి, నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టి, బంతిపూల దండలు వేసి, చితి మీద కూడా పడుకోబెట్టేవాళ్లు. చర్చిలో ఒకావిడకు ఇది గిట్టక పాస్టరు గారి దాకా తీసుకెళ్లింది. ఆయన పిలిచి అడిగితే అమ్మ, "అయ్యగారూ, ఆదివారం మట్టుకు నాను బతికే ఉంటన్నాను గదా" అంది. ఆయన నవ్వు ఆపుకోలేక ప్రార్థన చేసి పంపేశారు.

సినిమావాళ్లకు ఒక పట్టింపు ఉంది. చావు సీను తీశాక, ఆ చచ్చిన నటుడు లేచి కెమెరాలోకి చూసి నవ్వాలి. కెమెరా తిరుగుతూ ఉండగానే నవ్వాలి. నవ్వకపోతే చావు అంటుకుంటుందని వాళ్ల భయం. షాట్ అయిపోగానే అసిస్టెంటు "నవ్వమ్మా, నవ్వు" అని అరిచేవాడు. అమ్మ దండ పక్కకు లాగి, తల వెనక్కి వంచి, నోరంతా తెరిచి నవ్వేది. అంతసేపు ఊపిరి బిగబట్టిన మనిషి కదా, ఆ నవ్వు సెట్టంతా వినబడేది. సెలవు రోజుల్లో నన్ను కూడా తీసుకెళ్లేది కాబట్టి, చావు తర్వాత నవ్వు వస్తుందన్న సంగతి నాకు ఎక్కాలకంటే ముందే తెలుసు. ఆ నవ్వులు ఏ సినిమాలోనూ లేవు. ఎడిటింగ్ గదిలో తీసి పారేసేవాళ్లు.

అమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. అక్కడి ఆడవాళ్లు చుట్టను తిరగేసి కాలుస్తారు. నిప్పున్న కొస నోట్లో, నిప్పులేని కొస బయట. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా అలా పెట్టుకుంటారని కొందరు, చంకలో పిల్లకు నిప్పురవ్వ తగలకుండా అని కొందరు చెబుతారు. అమ్మను అడిగితే "మా యమ్మ కాల్సింది, నాను కాల్సినాను" అంది. షాట్‌కీ షాట్‌కీ మధ్య, ముఖాన చావు మేకప్‌తో, సెట్టు వెనక రాయి మీద కూర్చుని, నోట్లో నిప్పు పెట్టుకుని తాపీగా కబుర్లు చెప్పేది. చుట్ట తీయకుండానే మాట్లాడేది. పెద్ద పెద్ద హీరోలు ఆగి చూసి పోయేవాళ్లు.

నా జీవితమంతా ఆ చుట్ట చుట్టూనే తిరిగింది. పీహెచ్‌డీలో చేరినప్పుడు, అడ్డపొగ కాల్చే ఆడవాళ్ల అంగిలి మీద పని చేస్తానని మా గైడుతో చెప్పాను. మామూలు పొగ తాగేవాళ్లకు అంగిలి మీద క్యాన్సర్ రావడం అరుదు. వీళ్లకు అక్కడే వస్తుంది, ఎందుకంటే నిప్పు వేడి నేరుగా తగిలేది అక్కడే. ఆయన నా కాగితాలు తిప్పి చూసి, "నీకేమైనా మతి పోయిందా? కొన్నాళ్లకు ఆ ముసలమ్మలంతా పోతారు, అలవాటూ వాళ్లతోనే పోతుంది. పోయేదాని మీద ఎవడైనా పని చేస్తాడా?" అన్నారు. "పోతున్నది అలవాటొక్కటే కాదు సార్, మనుషులు కూడా" అన్నాను. గదిలో మిగతా విద్యార్థులు నేల చూపులు చూశారు. ఆయన కోపం చాలాకాలం చల్లారలేదు. నేను సబ్జెక్టు మార్చుకోలేదు.

టార్చిలైటు పట్టుకుని ఆ ఒడ్డు ఊళ్లన్నీ తిరిగాను. మొదట్లో ఒక్కరూ నోరు తెరవలేదు. కుటుంబ నియంత్రణ మనిషిననుకున్నారు, ఓట్ల మనిషిననుకున్నారు. చివరికి నేను ఫలానా ఆవిడ కూతుర్నని, సినిమాల్లో చచ్చిపోయేది ఆవిడేనని చెబితే వరండాలు నిండిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు నోళ్లు తెరిచి కూర్చున్నారు. "మీ యమ్మ ఆ సినిమాలో నిజంగానే కాలిపోనాదేటే?" అని అడుగుతూనే తెరిచారు. ఆ అంగిళ్ల మీద తెల్లమచ్చలు, ఎర్రచుక్కలు, పగుళ్లు. అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, కానీ అన్నీ ఒకటి కాదు. నిప్పు మానేస్తే కొన్ని వెనక్కి పోతాయి, కొన్ని పోవు. ఏది వెనక్కి పోతుందో, ఏది ముందుకు నడిచి క్యాన్సర్ అవుతుందో ముందుగానే చెప్పగలగడం, నేను ఇన్నేళ్లలో చేసిన పని మొత్తం అదే. ఇప్పుడు నా కింద ఒక పెద్ద ల్యాబు ఉంది, గోడల నిండా మెమెంటోలు ఉన్నాయి. పని మాత్రం అదే.

మొదటిసారి విదేశంలో మాట్లాడినప్పుడు, నోట్లో నిప్పు పెట్టుకున్న ఒక స్త్రీ ఫొటో తెర మీద వేశాను. హాల్లో నవ్వులు లేచాయి. ముందు వరసలో ఒకాయన, ఇది నిజమైన ఫొటోనా, ఎవరైనా వేషం కట్టారా అని అడిగాడు. "ఆవిడ వేషాలే కడుతుంది లెండి. మా అమ్మ" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం గుర్తొస్తే నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది. మంచి బుద్ధి కాదేమో, కానీ ఉంటుంది.

మా అమ్మ మాత్రం నా సైన్సును లెక్కచేయలేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక, గుమ్మంలో వెలుగు పడేచోట స్టూలు వేసి కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, అంగిలి చూసేదాన్ని. "ఒలే గుంటా, నీ సైన్సుకి నా నోరు తప్ప ఇంకేటీ దొరకనేదేటే" అని తెరిచేది. చూసి ముగించానో లేదో, కొంగు ముడిలోంచి చుట్ట తీసేది. అరిచాను, ఏడ్చాను, చుట్టలు దాచాను, మాట్లాడటం మానేశాను. "నీ సదువు నీది, నా సుట్ట నాది" అనేది. నేను జూబ్లీహిల్స్‌లో ఫ్లాటు తీసుకుంటానంటే కూడా రాలేదు. అందుకే ఇప్పటికీ ఆ సందులోనే ఉంటాం, పైన ఒక అంతస్తు వేసుకుని. నా దగ్గరికి వచ్చే పెద్దమనుషుల కార్లు సందులో పట్టవు. నడిచి వస్తారు.

ఒక ఆదివారం, అమ్మ అంగిలి మీద ఎన్నాళ్లుగానో ఉన్న తెల్లమచ్చ అంచు మారింది. టార్చి ఆర్పి, మళ్లీ వేసి చూశాను. ముక్క తీసి పరీక్షకు పంపాం, నా ల్యాబులోనే, నేను తయారుచేసిన పద్ధతితోనే. ముందుకు నడిచే రకమని తేలింది. క్యాన్సర్ అప్పటికే మొదలైంది.

సందులో మాట పాకింది. "క్యాన్సర్ మేడమ్ తల్లికే క్యాన్సరంట" అని నీళ్ల ట్యాంకరు దగ్గర అనుకున్నారు. మా రంగంలోనివాళ్లు కూడా సానుభూతి గొంతుతో అదే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. క్యాన్సర్ మేడమ్ తల్లి కాబట్టే గింజంత ఉండగా దొరికింది. మిగతా తల్లులకు బుగ్గ వాచాక, ముక్కులోంచి నీళ్లు కారాక దొరుకుతుంది. ఆ మాట ట్యాంకరు దగ్గరికి వెళ్లి మరీ చెప్పి వచ్చాను, బిందె లేకుండా.

రిపోర్టు సంగతి చెప్పిన రోజు అమ్మ కొంగు ముడి విప్పి, చుట్టల కట్ట నా చేతిలో పెట్టింది. "ఇంద, నువ్వే గెల్సినావు" అంది. ఆ గెలుపు నాకు అక్కర్లేదు. కట్ట పట్టుకుని పైకి వెళ్లి ఏడ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, జీవితంలో మొదటిసారి, అమ్మకు మాటలున్న వేషం వచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఆఫీసున్న ఒక పేరున్న దర్శకుడు మత్స్యకారుల కథ తీస్తున్నాడు. అడ్డపొగ కాల్చే ముసలమ్మ కావాలి, నిజంగా తెలిసిన మనిషి కావాలి. ఏజెంటు అమ్మ పేరు చెప్పాడు. అమ్మ వెళ్లింది, ఆయనకు నచ్చింది. కథలో షావుకారు మనుషులు గుడిసెలు తగలబెట్టడానికి వస్తారు. ముసలమ్మ వాళ్లకు ఎదురు నిలబడి ఒక మాట అంటుంది. మంటల్లో కాలి, హీరో చేతుల్లో చనిపోతుంది. చావు అమ్మకు కొత్త కాదు. ఆ మాటే కొత్త. అది ఇంట్లో గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, నాకు అన్నం పెడుతూ చెప్పేది. "నోట్లో నిప్పెట్టుకుని బతికినదాన్నిరా! నీ అగ్గిపుల్లకి జడుస్తానేటి?"

ఆపరేషన్ త్వరగా చేయాలన్నారు సర్జన్. ఆయన నా సహోద్యోగి, నమ్మకస్థుడు. అంగిలిలో కొంత భాగం తీసేయాలి. ఆ రంధ్రం మూయడానికి ఒక ప్లేటు పెడతారు.

"కోస్తే గొంతు మారిపోద్దా?" అని అడిగింది అమ్మ.

ఆమెకు నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. "మారుతుంది. ముక్కులోంచి మాట్లాడినట్టు ఉంటుంది. ప్లేటుతో కొంత సర్దుకుంటుంది, కానీ ఈ గొంతు మాత్రం ఉండదు" అన్నాను.

"అయితే ముందు నా మాట నాను సెప్పేసొస్తాను. తరవాత కోసుకోండి."

ససేమిరా అన్నాను. మర్నాటికి సర్జన్ దగ్గర కూర్చుని, ఎన్నాళ్లు ఆగితే ప్రమాదం లేదో వంద రకాలుగా అడిగాను. కొద్ది రోజులు ఆగొచ్చన్నారు, అంతకు మించి వద్దన్నారు. ప్రాణం నా బాధ్యత, నిజమే. కానీ ఎన్నో ఏళ్లు కళ్లు మూసుకుని పడుకున్న మనిషి ఒక్క మాట చెబుతానంటే నోరు నొక్కే హక్కు నాకు ఎక్కడిది? ఒప్పుకున్నాను. ఒప్పుకున్న మూడో రోజే షూటింగ్ వాయిదా పడింది.

జూబ్లీహిల్స్ ఆఫీసుకు వెళ్లాను. అద్దాల గదిలో ప్రొడక్షన్ మేనేజరు కాఫీ తెప్పించాడు. "హీరో గారి డేట్స్ లెవ్వు మేడమ్. గాయన లేకుండ చావు సీను ఎట్ల తీస్తం? ఓ నెల ఆగితే ఏమైతది?"

ఏమవుతుందో చెప్పాను. మచ్చ అంచు దగ్గర్నుంచి గొంతు దాకా, దాచకుండా. అతని ముఖం మారిపోయింది.

"నిజంగ బీమారున్న మనిషితోని చావు సీనా? వద్దు మేడమ్, ఏమనుకోకుండ్రి. అపశకునం. వేరేటామెను చూస్కుంటం. అమ్మను మంచిగ చూస్కోండ్రి."

నాకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మా విద్యార్థులకు ఆ సంగతి బాగా తెలుసు. "చూడండి, మీ ఇండస్ట్రీలో మా అమ్మ చావని సినిమా లేదు. మీ హీరోలు ఏడవడానికి ఆవిడ చచ్చింది. ప్రతిసారీ లేచి నవ్వింది. ఆ నవ్వులన్నీ ఏం చేశారు? అపశకునం తీరడానికే కదా నవ్వించారు? ఇన్నేళ్ల నవ్వులు ఒక్క రోజుకు కూడా సరిపోవా?" అన్నాను.

గుమ్మంలో దర్శకుడు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో చూడలేదు. "హీరో గారి వీపు చాలండీ, డూప్‌ని పెడదాం. ముఖం అమ్మగారిదే కదా కావాల్సింది. ఎల్లుండి తీసేస్తాను" అన్నాడు. మేనేజరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

మణికొండ అవతల ఖాళీ స్థలంలో గుడిసెల సెట్టు వేశారు. నిప్పులేని చుట్ట చాలు, పొగ కంప్యూటర్లో పెడతామని దర్శకుడు చెబితే అమ్మకు చిన్నతనమైంది. "పొగ కూడా దొంగదేనేటి" అని గొణిగింది. నావైపు చూసి ఊరుకుంది. షాట్‌కు పిలిచారు. వెనక జనరేటరు బండి రొద పెడుతోంది. అమ్మ చుట్ట అడ్డంగా పెట్టుకుని, మనుషుల ముందుకు నడిచి, చుట్ట తీసి చేతిలో పట్టుకుని ఆ మాట అంది. ఇంట్లో అన్నట్టే అంది, అన్నం పెడుతూ అన్నట్టు. నాకు గర్వంగా అనిపించింది. ఏడుపు కూడా వచ్చింది.

మంటల తర్వాత చావు. డూప్ చేతుల్లో అమ్మ చేయి జారింది. కట్ అన్నారు. యూనిట్లో అందరికీ సంగతి తెలిసినట్టుంది. మేకప్ అమ్మాయి ఏడుస్తోంది. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. అమ్మ లేవలేదు. నేను అటు పరుగెత్తాను. అప్పుడు శవం కళ్లు తెరవకుండానే మాట్లాడింది.

"ఏటి, నవ్వు షాట్ తియ్యరేటి?"

నిజంగా జబ్బున్న మనిషిని నవ్వమని అడగడానికి ఎవరికీ మనసొప్పక, ఆ పట్టింపే వదిలేశారు. అమ్మ వదల్లేదు. "తియ్యందే నాను లెగను. లైట్లెయ్యండి" అంది. మళ్లీ లైట్లు వేశారు. మేనేజరే వచ్చి, "నవ్వమ్మా" అన్నాడు. అమ్మ లేచి, తల వెనక్కి వంచి నవ్వింది. మానిటర్లో ఆ అంగిలి, దాని మీద నా శత్రువు, ఏ ఆసుపత్రి దీపంలోనూ కనిపించనంత స్పష్టంగా కనబడింది. దాన్ని చూస్తూ నేనూ నవ్వాను.

ఇంటికి వస్తుంటే ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుంది. "సెప్పేసినాను గదే. ఇప్పుడు కొయ్యమను."

కోశారు. మచ్చ పూర్తిగా వచ్చేసింది, అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. ఇలాంటి రిపోర్టులు జీవితమంతా చదివినదాన్ని, దాన్ని మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆ తర్వాతి రోజులు కష్టంగా గడిచాయి. ప్లేటు లేకుండా నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట గాలిలో కలిసిపోయేది, నాకే అర్థమయ్యేది కాదు. "ఒలే" ఒక్కటే అర్థమయ్యేది. పుండు మానాక కొత్త ప్లేటు అమిరింది. మాటలు వచ్చాయి. గొంతు వేరే. బరువుగా, ముక్కుతో కలిసి, ఒక్కో పదం చివర గాలి జారుతూ. "పోన్లే, సినిమాలో నా గొంతు ఉంది గదా" అనేది ప్లేటు కడుక్కుంటూ.

ఒక రోజు మేనేజరు ఫోన్ చేశాడు. "మేడమ్, అమ్మ తబియత్ ఎట్లున్నది? డబ్బింగ్ నడుస్తున్నది. అమ్మకు తకలీఫ్ వద్దని వేరే ఆర్టిస్టుతోని చెప్పిపిచ్చినం. జర మీకు చెప్తే బాగుంటదని ఫోన్ చేసిన."

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోన్ పెట్టేశాను. షూటింగ్‌లో అన్న మాట సినిమాలో ఉండదు. మాటలన్నీ తర్వాత, చల్లటి గదిలో, తెర చూస్తూ మళ్లీ చెబుతారు. ఫిల్మ్‌నగర్‌లో కూరగాయలమ్మే మనిషికి కూడా తెలిసిన సంగతి ఇది. మా ఇంటి వెనక సందులోనే డబ్బింగ్ థియేటరు ఉంది. కానీ మా అమ్మ ఎప్పుడూ శవమే. శవానికి డబ్బింగ్ ఉండదు. ఆ గుమ్మం ఆమె ఎప్పుడూ ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు. ఆపరేషన్ ఆపి, ఆఫీసులో కొట్లాడి, డేట్లు మార్పించి, మేము కాపాడుకున్న గొంతు జనరేటరు రొదలో కలిసిపోయింది.

అమ్మకు చెప్పాను. విని లేచి, నోట్లోంచి ప్లేటు తీసి, కుళాయి కింద కడిగి, మళ్లీ పెట్టుకుంది. చెప్పులేసుకుని, "పద" అంది.

థియేటర్లో దర్శకుడు లేచి నిలబడి దండం పెట్టాడు. మంచివాడే. మంచివాళ్లతో పోట్లాడటమే కష్టం. "అమ్మా, మీ నటన గురించి చెప్పడానికి నాకు మాటలు లేవండీ. గొంతు ఒక్కటే... ప్రేక్షకుడికి స్పష్టంగా వినపడాలి కదండీ" అంటూ వేరే ఆవిడ చెప్పింది వినిపించాడు. చక్కగా చెప్పింది. యాస కూడా బాగానే పట్టింది. తెర మీద మా అమ్మ పెదాలు కదులుతుంటే, ఎవరి గొంతో వచ్చింది. అమ్మ శ్రద్ధగా విన్నది. "ఈయమ్మ ఎవులో గానీ బాగా సెప్పింది. నాను కూడా సెప్తాను" అంది.

దర్శకుడు నావైపు చూశాడు, సాయం చేయమన్నట్టు. నేను చేయలేదు.

"అడ్డపొగ కాల్చే ముసలమ్మ కావాలని ఊరంతా వెతికింది మీరే కదండీ? ఆ ఊళ్లలో నేను నోళ్లు చూస్తూ తిరిగాను. ఈ గొంతుతో మాట్లాడే ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్లకు ప్లేట్లు కూడా లేవు, కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. పొగ కంప్యూటర్లో పెట్టారు, సరే. గొంతు కూడా దొంగదే పెడితే ఇక మీ సినిమాలో నిజమైంది ఏముంటుంది?" అన్నాను. నా గొంతు బాగా తగ్గిపోయిందని నాకే తెలిసింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఒక్కసారి ప్రయత్నిద్దాం" అన్నాడు. ఆ మాటలో నమ్మకం లేదు.

అమ్మ అద్దం అవతల మైకు ముందు నిలబడింది. మొదటిసారి పెదాల కంటే మాట వెనకబడింది. రెండోసారి గాలి జారి "నిప్పు" వినబడలేదు. ఆ తర్వాత దగ్గు వచ్చింది. నేను నీళ్లు తీసుకెళ్తే చేత్తో వద్దంది. సౌండ్ ఇంజనీరు ఓపికగా వెనక్కి తిప్పుతూనే ఉన్నాడు. ఎన్నోసారో తెలియదు, తెర మీద ఆ ముసలమ్మ చుట్ట తీసింది, ఇటు అమ్మ బొటనవేలితో ప్లేటును పైకి అదుముకుని అంది.

"నోట్లో నిప్పెట్టుకుని బతికినదాన్నిరా! నీ అగ్గిపుల్లకి జడుస్తానేటి?"

స్పష్టంగా లేదు. ముక్కులోంచి వచ్చింది, చివర చిరిగింది. ఇంజనీరు చెయ్యి మీట మీదే ఉండిపోయింది. దర్శకుడు బాగుందనలేదు, బాగాలేదనలేదు. మైకు బటన్ నొక్కి, "అమ్మా, ఆ ఆఖరి ఊపిరి కూడా మీరే చెప్పేయండి" అన్నాడు.

సినిమా విడుదలైన వారం, పొద్దుటి ఆటకు అమ్మను తీసుకెళ్లాను. మాట వచ్చినప్పుడు హాల్లో ఎవరో ఈల వేశారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత మంటలు, హీరో చేతులు, ఆ చిరిగిన గొంతుతో ఆఖరి ఊపిరి. చుట్టూ ముక్కులు చీదుతున్న చప్పుడు. ఆ చీకట్లో నా పక్కన అమ్మ తల వెనక్కి వంచి, బొటనవేలితో ప్లేటు అదిమి పట్టుకుని, పెద్దగా నవ్వింది. గాలి, ముక్కు, గొంతు అన్నీ కలిసిన నవ్వు. ముందు సీటు అబ్బాయి కళ్లు తుడుచుకుంటూ విసురుగా వెనక్కి తిరిగాడు.

"ఏంది పెద్దమ్మా, గీడ అందరు ఏడుస్తుంటే నువ్వు నవ్వుతున్నవ్?"

"సచ్చింది నానే బాబూ" అంది అమ్మ.